బూజు బొమ్మ గీద్దాం రండి: రాబర్ట్ హుక్ చూపిన దారిలో

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చెప్పుల స్టాండులో అడుగున పడి ఉన్న తోలు చెప్పుల మీద తెల్లగా నూగు లేస్తుంది. మనం పాత గుడ్డతో తుడిచేసి, ఎండ రాగానే ఆరబెడతాం. లండన్‌లో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త తుడవలేదు. ఒక చిన్న పుస్తకం ఎర్ర తోలు అట్ట నిండా ఇలాంటి తెల్ల చుక్కలు కనిపిస్తే, ఒక చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, చూసింది చూసినట్టు గీశాడు. 1665లో అచ్చయిన ఆయన పుస్తకం ‘మైక్రోగ్రాఫియా’లో 12వ ప్లేటు (బొమ్మల పేజీ) మీద ఉన్న రెండు బొమ్మల్లో ఒకటి ఆ బూజుదే. సన్నటి కాడలు, ఒక్కో కాడ చివర గుండ్రటి తల. కొన్ని తలలు మూసుకున్న మొగ్గల్లా ఉంటాయి, కొన్ని విచ్చుకున్నట్టు ఉంటాయి. సూక్ష్మజీవి బొమ్మ అచ్చులోకి ఎక్కడం అదే మొదలని మా రంగంలో చెప్పుకుంటాం.

నేను గుంటూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో, మైక్రోబయాలజీ సెక్షన్లో 24 ఏళ్లుగా టెక్నీషియన్‌ని. సెలవు రోజుల్లో బూజు బొమ్మలు గీస్తాను. ఈమధ్య మా మేనకోడలికి నేర్పాను. ఇంటర్ బైపీసీ చదువుతోంది. తనకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్ కెమెరా ఉండగా గీయడం ఎందుకని చాలామంది అడుగుతారు. నాకు జవాబు చదువుకునే రోజుల్లోనే దొరికింది. రికార్డులో రొట్టె బూజు బొమ్మ ముత్యంలా వేశాను. కాడలు నిటారుగా, తలలు గుండ్రంగా, షేడింగ్ కూడా చేశాను. మా సారు ముందు నా స్లైడు చూశారు, తర్వాత బొమ్మ చూశారు. “ఇది గైడులో బొమ్మమ్మా. నీ స్లైడులో కాడ వంగి ఉంది, తల సగం చితికి ఉంది. అది ఏదీ?” అన్నారు. పేజీ కొట్టేయలేదు. పక్క పేజీలో మళ్లీ గీయమన్నారు. ఆ రెండు పేజీలూ ఇప్పటికీ దాచుకున్నాను. మొదటిది గీసేటప్పుడు నేను స్లైడులోకి మహా అయితే రెండుసార్లు చూసి ఉంటాను. రెండోది గీయడానికి గంటన్నర చూశాను. ఆ గంటన్నర ఫొటో తీస్తే రాదు.

2021 వేసవిలో ఆ చూపు పనికొచ్చింది. బ్లాక్ ఫంగస్ అని ఊరూరా వణికిన రోజులు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కణజాలం కరిగాక మాకు కనిపించేవి వెడల్పాటి రిబ్బన్‌లాంటి పోగులు. లోపల అడ్డుగోడలు దాదాపు ఉండవు, కొమ్మ చీలితే ఇంచుమించు లంబకోణంలో చీలుతుంది. డాక్టర్లు దాన్ని మ్యూకర్‌మైకోసిస్ అంటారు. హుక్ గీసింది మ్యూకర్ బూజు అయి ఉంటుందని ఇప్పటివాళ్లు ఆ బొమ్మ చూసే అంటున్నారు. రెండూ ఒకే కుదురువి. రోగి కణజాలంలో మామూలుగా తలలు కనిపించవు, పోగులే ఉంటాయి. ల్యాబులో పెంచితేనే తలలు లేస్తాయి. ఎన్నోసార్లు చేత్తో గీసి ఉండటం వల్ల ఆ పోగుల వెడల్పు, వంపు నా కంటికి చుట్టాల్లా తెలుసు. ఆ టెన్షన్‌లో కూడా చెయ్యి తడబడలేదు.

ముందు బూజు పెంచాలి. ప్యాకెట్ రొట్టెలో బూజు రాకుండా మందు కలుపుతారు కాబట్టి చాలా రోజులు పడుతుంది. వీధి చివర బేకరీలో ఆ రోజు చేసిన రొట్టె తీసుకోండి. ఒక ముక్క అరగంట సేపు గుమ్మం దగ్గర గాలికి వదిలేసి, రెండు మూడు చుక్కల నీళ్లు చిలకరించి, మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పెట్టండి. మూత చుట్టూ టేపు వేయండి. మా గుంటూరు వేడికి మూడో రోజుకే దూది పింజలాంటిది లేచింది. నాలుగో రోజుకి దాని మీద నల్లగా గసగసాలంత కూడా లేని చుక్కలు వచ్చాయి. అదే రైజోపస్, మ్యూకర్‌కి దగ్గరి బంధువు. పక్కనే ఇంకో సీసాలో ఒక నిమ్మకాయ కూడా పెట్టుకోండి. దానికి నీలం, ఆకుపచ్చ కలిసిన బూజు వస్తుంది. అది వేరే కుటుంబం, పెన్సిలియం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఉబ్బసం ఉన్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు ఈ సీసా మూత తీయొద్దు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఇంట్లో అసలు తీయొద్దు. మిగతావాళ్లు కూడా మాస్కు పెట్టుకుని, ఫ్యాన్ ఆపి, వంటింటికి దూరంగా తీయాలి. మనిషి ఒంటి మీద నుంచి తీసిన గోళ్లు, పెచ్చులు, చీము లాంటివి ఇంట్లో చూసే పని పెట్టుకోవద్దు. అది ల్యాబు పని.

మూత తీయకముందే సగం బొమ్మ పని అయిపోవాలి. గీత గీయకుండా రెండు రోజులు ఊరికే చూడండి. హుక్ తన పుస్తకం ముందుమాటలో తన పద్ధతి చెప్పాడు. ఒక వస్తువును రకరకాల వెలుతురులో, వెలుతురుకు రకరకాల వైపుల్లో ఉంచి, ఎన్నోసార్లు పరీక్షించి, దాని అసలు ఆకారం తెలిశాకే పెన్సిల్ పట్టేవాడట. గుంట ఏదో బొడిపె ఏదో, నీడ ఏదో నల్ల మచ్చ ఏదో, మెరుపు ఏదో తెలుపు ఏదో తేల్చుకోవడం చాలా కష్టమని ఒప్పుకున్నాడు. ఈగ కన్ను ఒక వెలుతురులో చిల్లుల జల్లెడలా, ఎండలో బంగారు మేకులు కొట్టిన పలకలా కనిపించిందని రాశాడు. బూజు గీయబోయే ప్రతివాళ్లకీ మొదటి పాఠం ఇదే.

మీ ఇంట్లో ఇలా చేసి చూడండి. రాత్రి గదిలో లైటు ఆపేసి, సీసా బయట నుంచే భూతద్దం పెట్టి, ఫోన్ టార్చి ఎడమ వైపు నుంచి వేయండి. తర్వాత కుడి నుంచి, పైనుంచి, వెనక నుంచి. వెనక నుంచి వేసినప్పుడు కాడలు గాజు పోగుల్లా వెలుగుతాయి, తలలు మాత్రం నల్లగా ఉంటాయి. పక్కనుంచి వేస్తే అదే తల మీద బూడిద రంగు గరుకు కనిపిస్తుంది. మా మేనకోడలు మొదటి రోజు “తల లోపల బోలుగా ఉంది అత్తా” అంది. టార్చి తిప్పించాను. బోలు పోయింది, నీడ మిగిలింది.

టార్చి వెలుతురు మరీ సూటిగా ఉంటే కళ్లకి గుచ్చుకుంటుంది, వివరాలు చెదిరిపోతాయి. హుక్ దక్షిణం కిటికీ ఒక్కటే తెరిచిన గదిలో, కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో బల్ల వేసుకుని, వస్తువుకి దగ్గరగా నూనె రాసిన కాగితం అడ్డం పెట్టేవాడు. రాత్రిపూట అయితే దీపం ముందు నీళ్లు నింపిన గాజు గోళం పెట్టి వెలుతురును ఒకచోటికి చేర్చేవాడు. నేను రెండూ చేసి చూశాను. తెల్ల కాగితం ముక్కకి నువ్వుల నూనె పలుచగా రాసి టార్చి ముందు పట్టుకుంటే, మబ్బు పట్టిన పగటి వెలుతురులా మెత్తగా పడుతుంది. నీళ్ల గోళం బదులు గుండ్రటి గాజు ఫ్లాస్కు సరిపోతుంది, కానీ దాన్ని ఎండలో మాత్రం పెట్టొద్దు. భూతద్దంలా కాగితాన్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు స్లైడు. స్కూలు మైక్రోస్కోప్ చాలు, పాతదైనా పర్వాలేదు. అదీ దొరక్కపోతే స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం చేసిన కాగితపు మైక్రోస్కోప్, ఫోల్డ్‌స్కోప్‌తో కూడా బూజు తలలు బాగా కనిపిస్తాయి. ల్యాబులో బూజుకి రంగు పట్టించడానికి మేము వాడేది లాక్టోఫినాల్ కాటన్ బ్లూ. అందులో ఫినాల్ బూజును చంపుతుంది, లాక్టిక్ ఆసిడ్ ఆకారం చెడకుండా కాపాడుతుంది, నీలి రంగు బూజు పోగుల గోడలకి పడుతుంది. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఇంటికి తెచ్చుకోవద్దు. దాని బదులు తెల్ల వెనిగర్ 20 చుక్కల్లో ఫౌంటెన్ పెన్ను నీలి సిరా ఒక చుక్క కలపండి. అంత ముదురుగా రాదు గానీ పోగులు తెలుస్తాయి.

పారదర్శకమైన సెలోటేపు రెండంగుళాలు తీసుకుని, జిగురు వైపు బూజు అంచుకి అలా తాకించి తీసేయండి. మధ్యలో నొక్కితే గుజ్జు వస్తుంది. బూజు నీటికి తడవదు, గాలిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకని టేపుకి అంటిన బూజు మీద ముందు ఒక చుక్క స్పిరిట్ వేసి, అది ఆరేలోపు స్లైడు మీద ఉన్న సిరా చుక్క మీద టేపును బోర్లించండి. పైన ఉన్న అదనపు సిరాని టిష్యూతో అద్దండి. పెద్ద తలలు కొన్ని ఈ పనిలో చితికిపోతాయి. వాటిని పారేయొద్దు, గీయండి.

ఎంత జాగ్రత్తపడ్డా గాలి బుడగలు ఉంటాయి. కొత్తవాళ్లు మొదట గీసేది వాటినే. బుడగ మరీ గుండ్రంగా ఉంటుంది, అంచు కాటుక దిద్దినట్టు లావుగా నల్లగా ఉంటుంది. ఫోకస్ మర కొంచెం అటూ ఇటూ తిప్పితే నడుమ వెలుగు చుక్క పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. బూజు తలకి అంచు గరుకుగా ఉంటుంది, కింద కాడ ఉంటుంది, ఫోకస్ తిప్పితే దాని మీద గింజలు ఒక్కొక్కటే తేలి మునుగుతాయి. ఈ ఒక్క తేడా చేతికి పట్టుబడితే సగం తప్పులు పోతాయి.

చితికిన తల దగ్గర కాస్త ఆగండి. చుట్టూ చల్లినట్టు పడి ఉన్న గింజలే సిద్ధబీజాలు, బూజుకి విత్తనాల్లాంటివి. తల లోపల గోపురంలా ఒక గడ్డ మిగిలి ఉంటుంది, ఒక్కోసారి గొడుగు తిరగబడినట్టు కిందికి వాలి ఉంటుంది. హుక్‌కి విత్తనం అనదగ్గదేదీ దొరకలేదు. బూజు విత్తనం లేకుండా కుళ్లు నుంచే పుడుతుందని అనుకున్నాడు. ఆ తర్వాత ఇటలీలో పీర్ ఆంటోనియో మికేలి కోసిన పుచ్చకాయ ముక్కల మీద ఈ గింజల్ని చల్లి, అదే బూజు మళ్లీ మొలిపించి 1729లో అచ్చు వేయించాడు. హుక్ ఊహ తప్పింది, బొమ్మ తప్పలేదు. తను నమ్మినదానికి తగ్గట్టు బొమ్మని సర్దలేదు కాబట్టే మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ తలల్ని చూసి ఏ బూజో చెప్పగలుగుతున్నాం. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా ఇక్కడే.

కాగితం మీద 9 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక వృత్తం గీయండి. అదే మీ కంటికి కనిపించే గుండ్రటి మైదానం. ఐపీస్ (కన్ను పెట్టే కటకం) మీద 18 అని రాసి ఉంటే, దాన్ని ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు కటకం) సంఖ్యతో భాగించండి. 10 ఆబ్జెక్టివ్‌తో మైదానం 1.8 మిల్లీమీటర్లు. అంటే మీ బొమ్మ 50 రెట్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 200 మైక్రాన్ల తల కాగితం మీద సరిగ్గా సెంటీమీటరు రావాలి. 40 ఆబ్జెక్టివ్‌కి మారితే మైదానం 0.45 మిల్లీమీటర్లు, బొమ్మ 200 రెట్లు. ఐపీస్ మీద అంకె లేకపోతే 4 ఆబ్జెక్టివ్ కింద ప్లాస్టిక్ స్కేలు పెట్టి మిల్లీమీటర్ గీతలు లెక్కపెట్టండి. బొమ్మ కింద 100 మైక్రాన్లకి 50 రెట్ల లెక్కన 5 మిల్లీమీటర్ల గీత గీసి, పక్కన 100 మైక్రాన్లు అని రాయండి. ఆ గీత లేని బొమ్మని మా సారు చూసేవారు కూడా కాదు.

ఒంటి కన్ను మైక్రోస్కోప్ అయితే ఎడమ కన్ను ఐపీస్ మీద, కుడి కన్ను కాగితం మీద పెట్టండి. రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. మొదట్లో తల తిరిగినట్టు ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అప్పుడు పెన్సిల్ కొస బూజు మీదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. 2హెచ్ పెన్సిల్‌తో అంచు గీత, హెచ్‌బీతో చుక్కలు. వేలితో రుద్ది షేడింగ్ చేయొద్దు. ముదురు చోట చుక్కలు దగ్గరగా, లేత చోట దూరంగా పెట్టండి. ముందు కాడల దారి, తర్వాత తలలు, ఆఖరికి గింజలు. గింజలు వందల్లో ఉంటాయి. అన్నీ గీయక్కర్లేదు. ఒక మూల పది గింజలు మాత్రం కొలత ప్రకారం, ఒక్కోదాని ఆకారం ఒక్కోలా, నిజంగా చూసి గీయండి.

నిమ్మకాయ బూజు స్లైడు పెట్టినప్పుడు తల బదులు చిన్న కుంచె కనిపిస్తుంది. పెన్సిలియం అనే మాట లాటిన్‌లో కుంచె పేరు నుంచే వచ్చింది. కుంచె కొసల నుంచి గింజలు పూసల దండల్లా దిగుతాయి. టేపు తీసేటప్పుడు ఆ దండలు తెగిపోతాయి, చాలా ఓపిక పట్టాలి. 1928లో, పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బ్యాక్టీరియా పెంచుతున్న ప్లేటు మీద వాలింది ఈ కుటుంబం బూజే. దాన్ని మొదట వేరే జాతి పేరుతో అచ్చు వేశారు, తర్వాత సరిదిద్దారు. అన్నట్టు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరున కూడా ఒక శిలీంధ్రం ఉంది, సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్. దాని బొమ్మ వేయాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

రంగు దగ్గరకి వద్దాం. నా లెక్కలో ఇదే అన్నింటికన్నా జాగ్రత్తగా చేయాల్సిన పని. మీ బొమ్మలో రెండు రకాల రంగులుంటాయి, బూజు సొంత రంగు, మీరు పోసిన రంగు. రెండూ కలిస్తే బొమ్మ అబద్ధమైపోతుంది. హుక్ ప్లేట్లు రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసినవి, నలుపూ తెలుపే. రంగంతా మాటల్లో చెప్పాడు. అందుకే నేను సిరా వేయకముందే, సీసాలో ఉన్నప్పుడే, రోజువారీ రంగు మాటల్లో రాయిస్తాను. మా మేనకోడలి నోట్సులో ఇలా ఉంది: “2వ రోజు, పాల మీద మీగడ తెలుపు. 3వ రోజు పొద్దున అదే తెలుపు, సాయంత్రం అక్కడక్కడ బూడిద. 4వ రోజు తలలు పొయ్యి మసి, కాడలు ఇంకా తెలుపే.” ఏ పెయింటు డబ్బా పేరూ ఇంత సూటిగా చెప్పదు.

వైద్యంలో పోసే రంగులు చాలా ఆలస్యంగా వచ్చాయి. సొంతంగా మైక్రోస్కోపులు చేసుకున్న డచ్చి పరిశీలకుడు లీవెన్‌హుక్ తన ముసలితనంలో కండరం పోగులు కనబడటానికి కుంకుమపువ్వు వాడాడు. ఆయనకి బొమ్మలు గీయడం రాదు, చిత్రకారుల్ని పెట్టుకుని గీయించేవాడు. జర్మన్ వైద్యుడు షోన్‌లైన్ 1839లో తలలో పసుపు పెచ్చులు కట్టే ఫేవస్ జబ్బుకి బూజే కారణమని చూపించే నాటికి రంగులు వేసే అలవాటు లేదు. ఒక చిన్న వ్యాసం, దానితో ఒక బొమ్మ, అంతే. మనిషి జబ్బు వెనక సూక్ష్మజీవి ఉందని చూపిన తొలి బొమ్మల్లో అదొకటి. 1858లో జర్మన్ శాస్త్రవేత్త గెర్లాక్ ఎర్రటి కార్మైన్ వాడిన దగ్గర్నుంచి ఈ అలవాటు ఊపందుకుంది. ఆ కార్మైన్ కూడా ఒక పురుగు నుంచి తీసే రంగే. తర్వాత బట్టల మిల్లుల కోసం చేసిన కృత్రిమ రంగులు ల్యాబుల్లోకి వచ్చాయి. కాటన్ బ్లూ పేరులోనే నూలు ఉంది.

కాబట్టి వాటర్ కలర్ వేసేటప్పుడు నీలం పలుచగా, గోడల గీత వెంట మాత్రమే వేసి, పక్కన “ఇది సిరా రంగు” అని రాయండి. గింజల బూడిద, నలుపు బూజు సొంతం. అది వేసి “ఇది సొంత రంగు” అని రాయండి. నల్ల రంగుకి దీపం మసి బాగుంటుంది. ప్రమిద మీద స్టీలు గరిటె పట్టి, వచ్చిన మసిలో ఒక చుక్క తుమ్మ జిగురు నీళ్లు కలిపితే చాలు.

సొంత రంగు ఎంత ముఖ్యమో తెలియాలంటే సికింద్రాబాద్ వెళ్లాలి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు చూశాడు. ఆ కణాలు మాత్రమే అయితే ఆయనకి నమ్మకం కుదిరేది కాదు. వాటి లోపల నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవి దగ్గర కనిపించే రంగు రేణువులు అలాంటివే. దోమకీ మలేరియాకీ మధ్య ముడి విప్పింది ఆ రంగే. డిసెంబరులో అచ్చయిన ఆయన వ్యాసం పేరులోనే ‘రంగు రేణువులున్న కణాలు’ అని ఉంది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది. మీ స్లైడులో ఎక్కడ చిన్న చుక్క కనిపించినా నలుపా, గోధుమ రంగా, కదులుతోందా, ఫోకస్ తిప్పితే మాయమవుతోందా రాసి పెట్టుకోండి. మురికి అని తుడిచేయొద్దు.

బొమ్మ కింద ఇవి రాయండి: తేదీ, ఎన్నో రోజు బూజు, దేని మీద పెరిగింది, ఏ ఆబ్జెక్టివ్, వెలుతురు ఎటు నుంచి, ఏ రంగు పోశారు, ఎవరు గీశారు. నేను చివర ఇంకో వరుస కూడా చేరుస్తాను, నాకు సరిగ్గా కనిపించని చోటు ఏదో. అక్కడ గీత బదులు చుక్కల గీత వేస్తాను. మా మేనకోడలు తన బొమ్మలో ఒక కాడ అడుగు దగ్గర చుక్కల గీత వేసి “ఇక్కడ వేరు పోగులు ఉన్నాయేమో, టేపుకి రాలేదు” అని రాసింది.

పని అయ్యాక సీసాలో బ్లీచింగ్ నీళ్లు నిండా పోసి ఒక రోజు ఉంచి, మూత తీయకుండా కవర్లో కట్టి పారేయండి. స్లైడుని కూడా వేరే గిన్నెలో అలాంటి నీళ్లలోనే నానబెట్టి కడగండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. వచ్చే ఆదివారం మేమిద్దరం కొత్త రొట్టె పెడుతున్నాం. ఈసారి సీసా వంచి, వేరు పోగులు రొట్టెలోకి దిగే చోటును పక్కనుంచి చూడాలని తన ప్లాను.